జెండా మీద అమ్మ చెయ్యి

ఒకురాహమా రేవు,
జనవరి, మంచు పడుతున్న ఆదివారం

అన్నయ్యా,

నిన్న నువ్వు గెలిచినప్పుడు ఇక్కడేం జరిగిందో రాయకుండా ఉండలేను. తోకి పిన్ని హోటల్లో టీవీ ముందు నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి ఎగిరేసరికి పై అరలోంచి సాకే సారా సీసా కింద పడి పగిలింది. "పగిలితే పగిలింది లెండి, మన ఒకునామి గెలిచాడు!" అంది పిన్ని. ఆ తర్వాత ఆ సీసా డబ్బులు ముగ్గురి దగ్గర విడివిడిగా వసూలు చేసింది.

సుమో గోదాలో నీకు పెట్టిన ఆ ఒకునామి పేరు ఊరందరి నోటా నలుగుతోంది. అమ్మకి మాత్రం నువ్వింకా తెత్సురోవే. "వీడి కాళ్ళు చూడవే, ఎంత సన్నబడ్డాయో. అక్కడ తిండి సరిగ్గా పెడుతున్నారో లేదో" అంటుంది. నీ ఒక్క తొడంత ఉండదు తను!

అన్నట్టు, కుస్తీకి ముందు గోదా చుట్టూ జెండాలు తిప్పారు! వ్యాపారులు జెండాలు కట్టేది పేరు మోసిన మల్లుల కుస్తీలకే కదా, నీలాంటి అడుగు వరస వాడికి కట్టిందెవరు? టీవీ వాళ్ళకి ప్రకటనలంటే మైల. జెండాలు తిరిగినంతసేపూ కెమెరాని కప్పు మీదకి ఎక్కించేస్తారు. చీమలు గుడ్డపేలికలు మోసుకుపోతున్నట్టు కనిపించింది తప్ప ఒక్క అక్షరం తెలియలేదు. తర్వాత రిఫరీ విసనకర్ర మీద జెండాకొకటి చొప్పున డబ్బు కవర్లు పెట్టి నీ ముందు చాపినప్పుడు మాత్రం తెర నిండా నీ చెయ్యే. కుడిచేతిని కత్తిలా చేసి ఎడమకి, కుడికి, మధ్యకి గాలిని కోసి, కవర్లు అందుకున్నావు. గోళ్ళలో మట్టి కూడా కనపడింది.

అమ్మ కూడా నీతోపాటు చెయ్యి ఎత్తబోయి ఆగింది. కట్టు విప్పేశారు. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఉండాల్సిన చోట చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. మిసో పులుసు గిన్నె పట్టుకుంటే జారిపోతోంది, జారిన ప్రతిసారీ గిన్నెని తిడుతుంది. ఉకిమారు చేపల కంపెనీని ఒక్క మాట అనదు. తిట్టడానికి నేనున్నానుగా. కోత బ్లేడు మీద ఉండాల్సిన ఇనప కవరు పని నెమ్మదిస్తోందని తీయించింది మేస్త్రీ. "ఆవిడే తీసేసింది" అని రాయించుకున్నాడు యజమాని నరుమి. అదే మిషను మీద ఇప్పటికీ అదే వేగంతో కానాగంత చేపల తలకాయలు తెగుతున్నాయి, ఇప్పటికీ కవరు లేదు.

నేను రాసిన ఫిర్యాదుని కార్మిక శాఖ ఆఫీసు తీసుకుంది. ఏప్రిల్లో ఇన్‌స్పెక్టరు వస్తాడు. వచ్చి కళ్ళతో చూస్తే మిషను ఆపించక తప్పదు. నా నాలుగేళ్ళ లా చదువుకి ఈ ఊళ్ళో దొరికిన మొదటి పని ఇది. జీతం లేదనుకో.

జెండాలెవరివో రాయి. తోకి పిన్ని పందెం కాసింది, సబ్బుల కంపెనీ అని.

మిహోకో

*

టోక్యో, తాలింఖానా,
జనవరి ఆఖరు

చెల్లీ,

నీలా రాయడం నాకు రాదు. పదిహేనో ఏట బడి మానేసి గోచీ బిగించినవాణ్ణి. తప్పులుంటే నవ్వుకో.

పోటీలు అయిపోయాయి. ఓటముల కన్నా గెలుపులే ఎక్కువ, కాబట్టి మార్చికి ఒకటి రెండు మెట్లు ఎక్కుతాను. మా వస్తాదు సంతోషంగా ఉన్నాడు. ఆయన సంతోషం ఎలా ఉంటుందంటే, "రేపు పొద్దున్నించి ఇంకో గంట ముందు లేవండిరా" అంటాడు. ఇక్కడ కప్పు కారుతోంది. నా పక్క పక్కనే ఒక బకెట్టు. దాని టపటపలు లేకపోతే ఇప్పుడు నిద్ర పట్టదు.

కవర్లలో కొన్ని నాకు సిగ దువ్వి, వీపు తోమే కుర్రాళ్ళకి ఇచ్చాను. అది మా ఆనవాయితీ. ఒకటి మాత్రం విప్పకుండా అమ్మకి పంపుతున్నాను. గోదాలోంచి వచ్చింది వచ్చినట్టే. మట్టి మరక కూడా తుడవలేదు.

జెండా కట్టింది మన వైపు వాళ్ళే. అభిమానులు. పిన్ని పందెం ఓడిపోయిందని చెప్పు.

విచారణ గురించి ఒక మాట. అమ్మని ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిప్పడం అవసరమా? ఆ రేవులో మనం బతకాలి. వేళ్ళేమీ మళ్ళీ మొలవవు కదా. ఆలోచించు.

తెత్సురో

*

ఒకురాహమా,
ఫిబ్రవరి

తెత్సురోకి,

"అన్నయ్యా" అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న ఫుమి వదిన పని దిగి సరాసరి మనింటికొచ్చి నన్ను ఫ్యాక్టరీ గేటు దాకా లాక్కెళ్ళింది. ఫుమి తెలుసుగా, నీతో ఇసకలో కుస్తీ పట్టిన గొరో పెళ్ళాం. అమ్మ తర్వాత ఆ మిషను మీద నిలబడుతున్నది ఆవిడే. "మీ అన్నని చూద్దువు రా, మేడంత ఉన్నాడు" అంది. నిజంగానే మేడంత ఉన్నావు. గోడకి కట్టిన ఫొటోలో నువ్వు గొంతుక్కూర్చుని కవరు అందుకుంటున్నావు. నీ వెనక జెండా. ఈసారి అక్షరాలన్నీ కనపడ్డాయి.

"అమ్మ చేతి రుచి. ఉకిమారు డబ్బా చేపలు."

నువ్వు గోదాలో ఉప్పు చల్లుతుండగా మైకులో ఇది చదివారు కదూ? హాలంతా వినపడేలా? విని నువ్వు ఏం చేశావు, ఇంకొంచెం ఉప్పు చల్లావా?

అమ్మ చేతి రుచి! ఆ చేతిని తిన్న మిషను వాళ్ళది. రుచి వాళ్ళకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? బ్లేడు మీద వెయ్యడానికి ఒక్క కవరు దొరకలేదు నరుమికి. నీ చేతిలో పెట్టడానికి మాత్రం కవర్లకి కొదవ లేదు.

గేటు కాపలా ముసలాయన వంగి దండం పెట్టాడు నాకు. "మీ అన్న గొప్పవాడమ్మా. యజమానిగారు సొంత కొడుకులా చూసుకుంటున్నారు" అన్నాడు.

"ఆ కొడుకు తల్లిని కూడా బాగానే చూసుకున్నారు లెండి" అన్నాను.

నవ్వాడు. అర్థం కాక నవ్వాడో, అయ్యే నవ్వాడో.

ఇంటికొచ్చేసరికి నువ్వు పంపిన కవరు అమ్మ పూజ అరలో నాన్న ఫొటో పక్కన నిలబెట్టి ఉంది. అగరొత్తి వెలిగించి, గంట కొట్టి, దండం పెడుతోంది. ఎవరి డబ్బో చెప్పాను. "తెలుసు" అంది. అంతే. తెలుసట! ఈ ఇంట్లో తెలియనిది నాకు, తోకి పిన్నికి మాత్రమే అన్నమాట.

"మన వైపు వాళ్ళే. అభిమానులు." ఇలా రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? తప్పులుంటే నవ్వుకోమన్నావు. ఆ వాక్యంలో అక్షర దోషాలు లేవు.

మార్చిలో ఆ జెండా మళ్ళీ తిరిగితే ఆ కవరు ముట్టుకోకు. నేను అడుగుతున్నది ఇదొక్కటే.

మిహోకో

*

ఒసాకా, గుడి సత్రం,
మార్చి, పోటీల మధ్య

మిహోకోకి,

కవరు ముట్టుకోవద్దా? నీ లా కాలేజీలో చెప్పారా ఇది?

విసనకర్ర మీద పెట్టి ఇచ్చింది వద్దన్న మల్లుడు ఇంతవరకు పుట్టలేదు. అలా చేస్తే అవమానం నరుమికి కాదు. రిఫరీకి, ఆ మట్టికి. ఎడమ, కుడి, మధ్య అని కోస్తామే, అది ముగ్గురు దేవుళ్ళకి పెట్టే దండం. అందులో నరుమి లేడు, డబ్బా చేపలు లేవు. వద్దంటే తెల్లారేసరికి నా సిగ కోసి రైలెక్కిస్తారు. అప్పుడు నేనూ వచ్చి నీ పక్కన కూచుని ఫిర్యాదులు రాయనా?

మైకులో చదివింది విన్నాను. పోటీలు జరిగినన్ని రోజులూ విన్నాను. గోదాలో ఎదుటివాడి కళ్ళలోకి చూడాలి. చెవులు మూసుకునే వీల్లేదు.

సెందైలో చదివినప్పుడు నీ గది అద్దె, పుస్తకాలు, నువ్వు కొనుక్కున్న ఆ ఎర్ర కోటు ఎక్కడివి? నా వీపు మీద పడ్డ వెదురుకర్ర దెబ్బలవి. దెబ్బ పడ్డప్పుడల్లా "చెల్లి పరీక్ష ఫీజు" అనుకునేవాణ్ణి, నవ్వొచ్చేది. నవ్వానని ఇంకోటి వేసేవాళ్ళు. అప్పుడు ఆ డబ్బు ఏ జెండాదో నువ్వు అడగలేదు.

నరుమి తాలింఖానాకి వచ్చాడు. వస్తాదుకి యాపిల్ పెట్టెలు తెచ్చాడు. కొత్త కప్పు వేయిస్తానన్నాడు. వస్తాదు నా ముందు ఒకరికి తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. అది చూశాక నేనేమనాలి?

ఇక్కడ కూడా జెండా తిరుగుతోంది. రెండు గెలిచాను, కవర్లు తీసుకున్నాను. తీసుకుంటాను.

తెత్సురో

*

ఒకురాహమా,
మార్చి ఆఖరు

ఎర్ర కోటు అమ్మేశాను. మిగతా లెక్క తర్వాత తేల్చుకుందాం.

ఇవాళ కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళాను, ఇన్‌స్పెక్టరు ఏ రోజు వస్తాడో కనుక్కుందామని. కిటికీలో గుమాస్తా కాగితాలు తిరగేసి, "ఇంకెందుకమ్మా? మీ అమ్మగారు పోయినవారమే వచ్చి ఫిర్యాదు వద్దనేశారుగా. చేసినవాళ్ళే వద్దంటే మేమేం చేస్తాం?" అన్నాడు. చెబుతూ టీ తాగుతున్నాడు. ఆ కప్పు అతని నెత్తిన బోర్లించకుండా బయటికి రావడానికి నాకెంత చదువు ఖర్చయిందో చెప్పలేను.

అమ్మని అడిగాను. ముల్లంగి తరుగుతోంది, ఎడమచేత్తో నేర్చుకుంటోంది ఇప్పుడు. తలెత్తకుండా అంది: "వేళ్ళేమీ మళ్ళీ మొలవవు కదే."

అమ్మ అలా మాట్లాడదు అన్నయ్యా. అమ్మయితే "పోయింది పోయింది" అంటుంది, లేదా గిన్నెని తిడుతుంది. మొలవవు అనే మాట అమ్మ నోట్లో మొలిచింది కాదు. జనవరిలో నాకొచ్చిన ఉత్తరం తీసి చూశాను. అక్షరం పొల్లుపోకుండా ఉంది.

నువ్వే ఫోన్ చేశావు. అవునా కాదా?

*

ఒకురాహమా,
ఏప్రిల్

నువ్వు జవాబు రాయలేదు. సరే, ఇది చదువు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ సైరన్ మోగింది. భోజనాల వేళ కాదు. రేవులో వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. గేటు వైపు పరిగెత్తారు. అమ్మ అయితే చెప్పులు కూడా వేసుకోలేదు.

ఫుమి వదిన. కుడిచెయ్యి, మణికట్టు దాకా.

గొరో గేటు దగ్గర నిలబడి నీ ఫొటో కేసి చూస్తున్నాడు. మేడంత ఉన్నావుగా, ఇంకెటు చూసినా నువ్వే. "మీ వాడు బాగా బలిశాడు" అన్నాడు నాతో. తిట్టి ఉంటే బాగుండేది.

ఇన్‌స్పెక్టరు వచ్చి ఉంటే ఆ మిషను ఈపాటికి ఆగి ఉండేది. నేను లా చదివినా నీకు అర్థమయ్యే భాషలోనే చెబుతాను: తోసింది నువ్వు, పడింది ఫుమి.

ఇంకో ముచ్చట. మే నెల పోటీల చివరి రోజున నీ కుస్తీకి నరుమి చేతికందినన్ని జెండాలు కొన్నాడట. ఊరి నుంచి బస్సు వేస్తున్నాడు. అమ్మని గోదా పక్కనే తన చాప మీద కూచోబెట్టుకుంటాడట. నువ్వు కవర్లు అందుకోగానే తల్లీకొడుకులకి ఫొటో. గేటుకి కొత్తది కావాలి కదా, పాతదాని మీద గొరో ఉమ్మేశాడు. మేనేజరు నిన్న ఇంటికొచ్చి అమ్మకి తెల్ల గ్లోవ్స్ ఇచ్చి వెళ్ళాడు. కుడిచేతి దాంట్లో రెండు వేళ్ళకి దూది కూరి, కుట్టేసి తెచ్చారు. "నిండుగా ఉంటుందండీ" అన్నాడు. నిండుగా!

అమ్మ వెళ్తానంటోంది. నిన్ను చూసి మూడేళ్ళయిందని. నేను వెళ్ళనివ్వను.

మిహోకో

*

టోక్యో,
ఏప్రిల్ ఆఖరు

చెల్లీ,

అవును. నేనే ఫోన్ చేశాను.

జనవరి పోటీలకి ముందే నరుమి అడిగాడు. ఫిర్యాదు పోవాలి, అప్పుడే ఏడాదంతా జెండాలు, తాలింఖానాకి కప్పు. వస్తాదు నా వంక చూశాడు. కారిడార్లో ఫోనుంటుంది. చుట్టూ కుర్రాళ్ళు అన్నం వండుతున్నారు. అమ్మతో ఆ మాటన్నాను. అమ్మ "నీ మోకాలెలా ఉంది?" అంది. ఆ నెలంతా గోదాలోకి పిలుపొచ్చినప్పుడల్లా ఆ మాటే వినపడింది. ఒసాకాలో నీ మీద అరుస్తూ రాసిన రోజున కూడా.

ఫుమి చేతి గురించి ఏం రాయాలో తెలియడం లేదు. గొరోకి ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. రాస్తే ఏమని రాస్తాను, జెండాల కోసం ఫిర్యాదు ఆపించానని రాయనా?

అమ్మని ఆపకు. గ్లోవ్స్ వేసుకునే రానివ్వు. నువ్వు రాకపోయినా సరే, ఆ రోజు టీవీ ముందు మాత్రం ఉండు. ఊళ్ళో ఎవరెవరిని కూచోబెట్టగలిగితే వాళ్ళని కూచోబెట్టు. గొరోని కూడా.

ఏం చేస్తావని అడగకు. గెలిస్తేనే చెయ్యగలను. ఓడిపోతే కవర్లు ఎదుటివాడివి, నేను దులుపుకుని పోవడమే. వాడు నా కన్నా బరువు, ఈ ఏడాది నన్ను రెండుసార్లూ గోదా బయటికి విసిరాడు. ఇన్నేళ్ళలో గెలవాలని ఇంత కోపంగా ఎప్పుడూ అనుకోలేదు.

తెత్సురో

*

ఒకురాహమా,
మే, పోటీలు ముగిసిన రాత్రి

అన్నయ్యా,

అమ్మ ఇంకా రాలేదు, బస్సు రేపటికి గాని చేరదు. ఆగలేక రాస్తున్నాను.

హోటల్లో కాలు పెట్టే చోటు లేదు. గొరోని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. గోడకానుకుని, చేతులు కట్టుకుని, నీళ్ళు కూడా ముట్టకుండా కూచున్నాడు. జెండాలు మొదలయ్యాయి. కెమెరా ఎప్పటిలాగే కప్పెక్కింది. చీమల బారు. ఒక చుట్టుకి సరిపోక ఇంకో చుట్టు. "ఎన్ని కొన్నాడే మహానుభావుడు!" అంది పిన్ని. "ఫుమి ఆసుపత్రి బిల్లు కట్టడానికి మాత్రం చేతికి వాతం" అని ఎవరో అన్నారు. అందరం నవ్వాం. గొరో నవ్వలేదు.

వాడు నిన్ను గోదా అంచు దాకా తోసుకుపోయాడు. మడమ కింద గడ్డితాడు కనపడుతోంది, ఇంకొక్క వేలెడు జరిగితే అయిపోయేది. తిట్టాను అన్నయ్యా నిన్ను, పైకే. "ఇన్ని చేసి ఇప్పుడు పడతావేంట్రా!" అని. నువ్వు నడుం తిప్పి వాణ్ణి పక్కకి ఎలా పారేశావో నాకు తెలియదు, కళ్ళు మూసుకున్నాను.

తర్వాత తెర నిండా నీ చెయ్యి.

మొదట ఎవరికీ తట్టలేదు. కత్తిలా చాచాల్సిన చేతిలో రెండు వేళ్ళు లోపలికి ముడిచేశావు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. "దెబ్బ తగిలిందేమో" అన్నాడు ఒకడు. ఎడమకి కోశావు. కుడికి. మధ్యకి వచ్చేసరికి అందరికీ తెలిసిపోయింది. ఈ రేవులో అలాంటి చెయ్యి గుర్తుపట్టనివాళ్ళు లేరు. ఆ మూడు వేళ్ళతోనే కవర్ల కట్ట అందుకున్నావు, జారబోతే బొటనవేలితో నొక్కిపెట్టావు. అమ్మ గిన్నె పట్టుకున్నట్టు.

గొరో లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఫ్యాక్టరీ వైపు నుంచి పెద్ద చప్పుడు. నీ ఫొటో ఇప్పుడు గోడ మీద లేదు.

అక్కడ నిన్నేం చేశారు? రాయి. వెంటనే.

మిహోకో

*

టోక్యో,
మే, మూడు రోజుల తర్వాత

చెల్లీ,

ఉన్నాను. సిగ కూడా ఉంది, ప్రస్తుతానికి.

అమ్మ సంగతి ముందు. గోదా పక్కనే చాప మీద నరుమి కుడివైపున కూచుంది. మైకులో "అమ్మ చేతి రుచి" అని చదివినప్పుడల్లా వాడు అమ్మకేసి చూసి తలూపుతున్నాడు. నేను చెయ్యి చాచాక అమ్మ చూసింది. ఎంతోసేపు పట్టలేదు. ఎడమచేత్తో గ్లోవ్ లాగబోయింది, బిగుసుకుపోయింది. పళ్ళతో పట్టి లాగేసింది. దూది కూరిన ఆ గ్లోవ్ పోయి నరుమి ఒళ్ళో పడింది. ఫొటో తీసేవాడు తీసేశాడు కూడా, నరుమి ఆపమని చెప్పేలోపే. వాడు పత్రికవాడు, కంపెనీ వాడు కాదు.

దుస్తుల గదికి వెళ్ళేలోపే కుస్తీ సంఘం పెద్దలు పిలిపించారు. నలుగురున్నారు. ఒకాయన మంచివాడు, నాకు దారి చూపించాడు. "నీ చేతికి తిమ్మిరెక్కిందా, ఒకునామీ?" అన్నాడు. అవునంటే అయిపోయేది.

"తిమ్మిరి కాదండీ. జెండా మీద ఏం రాశారో అదే చేశాను. అమ్మ చెయ్యి" అన్నాను.

ఒక పెద్దాయన ఆ జెండా మాటలు ఒప్పుకున్నదెవరని గుమాస్తాని అడిగాడు. నన్ను మాత్రం గట్టిగానే చీవాట్లు పెట్టారు. మళ్ళీ అలా చేస్తే గోదా మరిచిపొమ్మన్నారు. తల వంచాను. దేవుళ్ళ దండాన్ని నా కోపానికి వాడుకున్నాను, అది తప్పే. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తానని మాత్రం వాళ్ళతో అనలేదు.

నరుమి జెండాలన్నీ వెనక్కి తీసుకున్నాడు. కప్పు కూడా. వస్తాదు నన్ను కొట్టలేదు. బకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇక నువ్వే పట్టుకుని కూచో, వాన వచ్చినప్పుడల్లా" అన్నాడు. వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి, "మీ అమ్మ పళ్ళు గట్టివిరా" అన్నాడు.

అమ్మతో రెండు నిమిషాలు దొరికింది. ఏడుస్తాననుకున్నాను. "నీ మోకాలెలా ఉంది?" అంది.

తెత్సురో

*

ఒకురాహమా,
జూన్

అన్నయ్యా,

నీ మీద కోపం పోలేదు. ముందే చెబుతున్నాను. ఫుమి వదిన ఎడమచేత్తో పిల్లకి జడ వేయడం చూసినప్పుడల్లా అది కొత్తగా పుడుతుంది. టీవీలో మూడుసార్లు గాలి కోస్తే తీరేది కాదు. గొరోకి ఉత్తరం రాయి. చింపకుండా పంపు.

పత్రికలో ఆ ఫొటో వచ్చాక నరుమి మేనేజరు మళ్ళీ వచ్చాడు, ఈసారి బిస్కట్ల డబ్బా తెచ్చాడు. అమ్మ తలుపు సగమే తీసింది. "మీ అబ్బాయి భవిష్యత్తు ఆలోచించండమ్మా" అన్నాడు. "వాడి భవిష్యత్తు వాడి కాళ్ళలో ఉంది, మీ డబ్బాలో లేదు" అని తలుపేసింది. వేశాక, "ఏ బిస్కట్లో చూశావా?" అంది నాతో.

ఇవాళ పొద్దున్న కొత్త ఫిర్యాదు ఇచ్చాం. ఈసారి అమ్మ ఒక్కతే కాదు. ఫుమి, తోకి పిన్ని చెల్లెలు, పాత రోజుల్లో వేలు పోగొట్టుకుని నోరు మూసుకున్న ముసలమ్మలు కూడా బయటికొచ్చారు. అంతమందిని జిల్లా ఆఫీసు దాకా తీసుకెళ్ళడానికి బస్సు కావాలి. డబ్బెక్కడిదని నేను గోళ్ళు కొరుక్కుంటుంటే అమ్మ పూజ అర దగ్గరికి వెళ్ళింది. నువ్వు జనవరిలో పంపిన కవరు, మట్టి మరకతో సహా, నాన్న ఫొటో పక్కనే ఉంది. దాని ముందు మోకాళ్ళ మీద కూచుని కుడిచెయ్యి ఎత్తింది. ఎడమకి, కుడికి, మధ్యకి. అప్పుడు తీసి, విప్పింది.

"మూడు వేళ్ళతో దండమా?" అన్నాను. ఏదో ఒకటి అనకపోతే ఏడ్చేదాన్ని.

"వేళ్ళు లెక్కపెట్టేది మీ అన్న పెద్దలే. దేవుళ్ళకి వేరే పనులున్నాయి" అంది.

అలా నరుమి డబ్బుతోనే బస్సెక్కి వెళ్ళాం, నరుమి మీద ఫిర్యాదు చెయ్యడానికి. అదే గుమాస్తా, అదే టీ కప్పు. అమ్మ కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి అతని కాగితాల మీద ఆనించింది. ఫుమి వదిన కట్టున్న ముంజేతిని దాని పక్కన పెట్టింది. ఆ వెనక ముసలమ్మలు ఒకరి తర్వాత ఒకరు. అతను టీ కప్పు కింద పెట్టాడు.

రేపు పొద్దున్న ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. మిషను ముందు నేనూ నిలబడతాను.

జులైలో నీ కుస్తీకి ఒక్క జెండా కూడా తిరగదు. విసనకర్ర ఖాళీగా ఉంటుంది. గెలువు. గెలిచి ఆ ఉట్టి చేతులతో లేచి నడిచి వెళ్ళు. అమ్మ చూస్తానంది, నీ కాళ్ళు.

మిహోకో